నేల మీద నిద్ర: బస్తర్‌లో ఇంటి భద్రత అంటే ఏమిటి?

'కుటుంబ భద్రత ఇంటి నుంచే మొదలవుతుంది' అనే అంశం మీద ఈ మధ్య ఒక టెస్ట్ సిరీస్‌లో వ్యాసం రాశాను. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయడం, తడి చేత్తో స్విచ్ ముట్టుకోకపోవడం, మందుల డబ్బా పిల్లలకు అందకుండా పెట్టడం, బాత్రూంలో కాలు జారకుండా చూసుకోవడం, అన్నీ వరుసగా వచ్చేశాయి. మార్కులు ఫర్వాలేదు. కానీ దిద్దిన సారు పక్కన రెండే మాటలు రాశారు: "ఎవరి ఇల్లు?"

నిజమే. నేను రాసింది అపార్ట్‌మెంట్ ఇల్లు. మీరు కూడా అదే రాస్తారు, ఎందుకంటే మనం చదివే పుస్తకాల్లో ఇల్లంటే అదే. ఆ ప్రశ్నను పట్టుకుని మన పక్కనే ఉన్న బస్తర్‌కు వెళ్దాం. జగ్దల్‌పూర్ కేంద్రంగా ఏడు జిల్లాలున్న డివిజన్ అది. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు మాట్లాడేవాళ్లు కనిపిస్తారు. సరిహద్దు పల్లెల నుంచి జబ్బు చేసినవాళ్లను భద్రాచలం ఆసుపత్రికి తీసుకొస్తారు. 2005 తర్వాత సల్వాజుడుం రోజుల్లో అక్కడి నుంచి వచ్చిన గుత్తికోయలు మన భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లో గుడిసెలు వేసుకుని బతుకుతున్నారు. కాబట్టి ఇది పరాయి రాష్ట్రం సంగతని పక్కన పెట్టడానికి లేదు.

అక్కడి పేద ఇంటిని ఒకసారి ఊహించండి. మట్టి గోడ, లేదా వెదురు తడికకు మట్టి మెత్తిన గోడ. పైన పెంకు. తలుపు కింద చెయ్యి దూరేంత సందు. వంట, నిద్ర, ధాన్యం నిల్వ తరచుగా ఒకే కప్పు కింద. ధాన్యం ఉన్నచోటికి ఎలుక వస్తుంది, ఎలుక వెనకాల పాము వస్తుంది. రాత్రి అందరూ వరుసగా నేల మీదే పడుకుంటారు. పొయ్యి పొగ, నిప్పు, పిడుగు, వేలాడే కరెంటు తీగ కూడా ప్రమాదాలే, వాటి మీద ఎంతైనా రాయొచ్చు. కానీ నేల మీద నిద్రపోయే మనిషి దగ్గరికి చీకట్లో వచ్చేవి రెండు: కట్లపాము, మలేరియా దోమ.

కట్లపాము గురించి మనలో చాలామందికి తెలిసింది తక్కువ. నాగుపాము పడగ విప్పుతుంది, రక్తపింజరి బుస కొడుతుంది, కాటు వేస్తే వాపు వస్తుంది. కట్లపాము అలా కాదు. రాత్రి ఇంట్లోకి వచ్చి, నిద్రలో పక్కకు తిరిగిన మనిషిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు. కాటు గుర్తు కూడా చాలాసార్లు కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు. తిన్నది పడలేదనో, తాగింది ఎక్కువైందనో ఇంట్లోవాళ్లు అనుకుంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి ఆగిపోతుంది. విషం నరాల కొసలను దెబ్బతీసిన తర్వాత యాంటీవీనమ్ ఆ నష్టాన్ని పూర్తిగా సరిచేయలేదు. అయినా శ్వాస యంత్రం మీద కొన్ని రోజులు నిలబెట్టగలిగితే మనిషి మామూలుగా లేచి నడుస్తాడు. చావు బతుకుల మధ్య ఉన్నది ఒక యంత్రం, దాని దాకా వెళ్లే దారి. వానాకాలంలో వాగు పొంగితే ఆ దారి ఉండదు.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు మరణాలు సుమారు 12 లక్షలని, అంటే ఏటా సగటున 58 వేలని 2020లో వెలువడిన అధ్యయనం తేల్చింది. వాటిలో ఎక్కువ భాగం పల్లెల్లో, ఆసుపత్రిలో కాకుండా ఇంట్లోనే జరిగాయి. దాదాపు సగం జూన్, సెప్టెంబరు మధ్యనే. ఇంట్లో చనిపోయినవాళ్లు ఆసుపత్రి రిజిస్టర్‌కు ఎక్కరు. రిజిస్టర్‌లో లేని చావుకు బడ్జెట్ ఉండదు. 2024 మార్చిలో కేంద్రం పాముకాటుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చి 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. అదే ఏడాది నవంబరులో పాముకాటును తప్పనిసరిగా నివేదించాల్సిన వాటిలో చేర్చాలని రాష్ట్రాలను కోరింది. మంచి అడుగే. ఆలస్యంగా పడిందన్నది వేరే మాట.

ఇప్పుడు మలేరియా చూడండి. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ 'మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్' మొదలుపెట్టింది. జ్వరం ఉన్నవాళ్లు వచ్చేదాకా ఆగకుండా, బృందాలే ప్రతి ఇంటికీ వెళ్లి అందరి రక్తం పరీక్షించాయి. తొలి దశలోనే దాదాపు 14 లక్షల మందిని పరీక్షిస్తే 64 వేలకు పైగా మందికి మలేరియా బయటపడింది. వాళ్లలో సగానికి పైగా మందికి ఏ లక్షణమూ లేదు. పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషి ఒంట్లో పరాన్నజీవి ఉంటే, అతన్ని కుట్టిన దోమ పక్కన పడుకున్న పసిపిల్లను కుడుతుంది. మందు మింగించడంతో పాటు క్రిమిసంహారకం పట్టించిన దోమతెరలు పంచారు.

నా వాదన ఈ దోమతెర దగ్గరే ఉంది. అంచులు చాప కిందికి గట్టిగా దోపితే దోమే కాదు, పాము కూడా లోపలికి రాలేదు. ఆగ్నేయ నేపాల్ గ్రామాల్లో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, తెరలో పడుకునేవాళ్లకు పాముకాటు ముప్పు బాగా తక్కువని తేలింది. అంటే ఒకే వస్తువు, రెండు చావులకు అడ్డు. అయినా మన పాలనలో ఆ రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు. తెర మలేరియా పద్దులో ఉంటుంది, మలేరియా కేసులు తగ్గితే తెరల సరఫరా కూడా తగ్గించవచ్చని లెక్క వేస్తారు. పాముకాటు రెవెన్యూ శాఖ దగ్గర ఉంటుంది: రాజస్వ పుస్తక పరిపత్రం 6-4 కింద చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షల రూపాయలు. పరిహారం ఉండాల్సిందే, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ పోస్టుమార్టం కావాలి, కాగితాలు కావాలి. వాగు అవతల తెల్లారి చనిపోయిన మనిషిని మోసుకెళ్లి పోస్టుమార్టం చేయించగలిగే కుటుంబాలు ఎన్ని? చావు తర్వాత లక్షలు ఇవ్వడానికి సిద్ధపడ్డ ప్రభుత్వం, చావుకు ముందు కొన్ని వందల తెరనూ ఒక మంచాన్నీ పాముకాటు పేరున ఎందుకు కొనదు?

"తెరలు ఇచ్చినా వాడరు, చేపలు పట్టుకుంటారు" అనే మాట మీరు వినే ఉంటారు. ఇంటర్వ్యూ బోర్డులో కూడా ఎదురు కావచ్చు. జవాబు ఇంటి లోపలే ఉంది. ఆరుగురు పడుకునే గదిలో రెండు తెరలు, మధ్యలో చలికి నిప్పు. తెర కట్టడానికి కొక్కెం లేదు, నిప్పు దగ్గర కట్టడం ఇంకో ప్రమాదం. వేసవిలో ఉక్క. ఇప్పపూల కాలంలో తెల్లవారకముందే చెట్ల కిందికి పోవాలి, పంట కాలంలో రాత్రి పొలం కాపలా. ఇంత ఇబ్బంది ఉన్నచోట వాడకపోవడాన్ని మూర్ఖత్వం అనడం తేలిక. నా దృష్టిలో అది కొలతల పొరపాటు: మనుషుల లెక్కన కాక ఇంటి లెక్కన పంచడం, కట్టుకునే వీలు ఉందో లేదో చూడకపోవడం.

సిరహా, గునియాల మాట కూడా అంతే. పాము కరిస్తే ముందు వాళ్ల దగ్గరికే వెళ్తారు, దాంతో విలువైన గంటలు పోతాయి, ఇది దాచాల్సిన పని లేదు. కానీ రాత్రి రెండు గంటలకు పిలిస్తే వచ్చేది ఆయనొక్కడే. ఆయన్ని వ్యాసంలో నాలుగు తిట్లు తిట్టి వదిలేయకండి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, కాలు కదలకుండా కర్ర కట్టి వెంటనే ఆసుపత్రికి పంపు అన్న మాట ఆయన నోట చెప్పించగలిగితే ఊరు వింటుంది.

ఇళ్ల పథకాల్లోనూ చోటుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద ఇంటికి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు, వంట చోటుతో కలిపి. పీఎం జన్‌మన్ కింద అబూజ్‌మడియా లాంటి సమూహాలకు ఇంటికి 2 లక్షలు. ఆ డబ్బులోనే తలుపు కింద సందు మూయడం, ధాన్యం గాదెను పడక గది నుంచి విడదీయడం, పైకప్పు దూలానికి నాలుగు కొక్కేలు వేయడం చేర్చమంటాను. ఇంజనీరుకు ఇది చిన్న విషయం. నేల మీద పడుకునేవాళ్లకు కాదు.

ఇక ఎవరు చేస్తారు? మలేరియా బృందం ఇప్పటికే ప్రతి గుమ్మం తొక్కుతోంది. ఆ ఫారంలో మూడు ప్రశ్నలు చేర్చితే చాలు: ఈ ఇంట్లో ఎంతమంది నేల మీద పడుకుంటారు, ధాన్యం ఎక్కడ ఉంటుంది, తెర కట్టే వీలుందా. కనురెప్ప వాలడం, కారణం తెలియని తెల్లవారుజాము కడుపునొప్పి ప్రమాద సంకేతాలని చెప్పి రావాలి. ఇదంతా చివరికి మితానిన్ మీద పడుతుంది. దేశంలో ఆశా కార్యకర్తల వ్యవస్థ రాకముందే, 2002లోనే ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన ఆరోగ్య కార్యకర్త ఆమె, ఆ మాటకు స్నేహితురాలని అర్థం. టీకాలు, కాన్పులు, మలేరియా పరీక్షలు ఇప్పటికే ఆమె భుజాన ఉన్నాయి. కొత్త పని చెప్పేటప్పుడు దానికి విడిగా ఎంత ఇస్తారో అదే ఉత్తర్వులో రాయాలి.