అర లీటరు సీసా, పావు చెంచా నిమ్మ ఉప్పు

ఈ నెల టమాటాలను సీసాలలో నిల్వచేయుటను గూర్చి వ్రాయుచున్నాము. కాపరికి వంటింటితో పనియేమి అని కొందరు నవ్వవచ్చును. టమాటా పేరు బైబిలులో ఎంత వెదకినను దొరకదు. అది దక్షిణ అమెరికా నుండి వచ్చిన పంట. అయినను మన పెరళ్లలోను చేలలోను పండిన పండు దిబ్బపాలగుట చూచి ఊరకుండలేకున్నాము.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమాటా రెండువందల రూపాయల దగ్గరకు పోయినది. సెప్టెంబరు వచ్చుసరికి ధర పడిపోయి, కోతకూలి కూడ గిట్టక కొందరు రైతులు పండ్లను రోడ్డు ప్రక్కన పారబోసిరి. ధర మన చేతిలో లేదు. ఇంటికి కావలసిన పది కిలోల సంగతి మాత్రము మన చేతిలోనే ఉన్నది. అయిదు రొట్టెలతో అయిదువేల మందిని పోషించిన ప్రభువు మరునాడు మరల రొట్టెలు చేయగలవాడే. అయినను మిగిలిన ముక్కలను శిష్యులచేత ఏరించెను (యోహాను 6). పండ్రెండు గంపలు నిండినవి.

ముందుగా ఒక మాట. ఎండ బాగుగా కాయు దినములలో మన పెద్దలు చేసిన ఒరుగులే మేలని మా అభిప్రాయము. కోసి, ఉప్పు చల్లి, ఎండబెట్టితే చాలును. గ్యాసు ఖర్చు లేదు. ఊరగాయ సంగతి మాకంటె మీ ఇంటి పెద్దమ్మకే బాగుగా తెలియును. ముసురు పట్టిన దినములలో పండు చేతికి వచ్చినప్పుడు సీసా అక్కరకు వచ్చును.

ఈ పద్ధతిని ఫ్రాన్సు దేశములో నికోలా అప్పేర్ అను మిఠాయి వ్యాపారి కనుగొని 1810లో పుస్తకముగా ప్రకటించెను. ప్రభుత్వము ఆయనకు 12,000 ఫ్రాంకులు బహుమానమిచ్చెను. అయితే సీసాలోని ఆహారము ఎందుకు చెడిపోవుట లేదో ఆయనకే తెలియదు. సూక్ష్మజీవుల సంగతి దాదాపు అర్ధశతాబ్దము తరువాత లూయీ పాశ్చర్ పరిశోధనలవలన తేటపడినది.

ఎలీషా దినములలో కరవు వచ్చినప్పుడు ఒకడు అడవి తీగె కాయలను, అవి ఎట్టివో తెలియకయే, తరిగి కుండలో వేసెను (2 రాజులు 4). తిన్నవారు నోట పెట్టగానే కేకవేసిరి గనుక బ్రదికిరి. బొటులిజము అను జబ్బు తెచ్చు విషము అట్లు నోటికి తెలియదు. గాలి చొరని సీసాలో, పులుపు చాలనిచోట, ఒక క్రిమి పెరిగి ఆ విషమును పుట్టించును. వాసనగాని రంగుగాని రుచిగాని మారకపోవచ్చును. దాని బీజములు మరుగు నీటి వేడికి చావవు. వాటిని అణచి ఉంచునది పులుపే. టమాటా పుల్లనిదే గదా అందురు. పులుపును కొలుచు పి.హెచ్. లెక్క 4.6 కంటె తక్కువగా ఉండవలెను. లెక్క పెరిగినకొలది పులుపు తగ్గినట్లు. కొన్ని టమాటాలు, ముఖ్యముగా మిగుల పండినవి, ఆ గీతను దాటును. అందుచేత ప్రతి అర లీటరు సీసాలో పావు టీచెంచా నిమ్మ ఉప్పు వేయవలెను. అందులో రాజీ వద్దు. మన నిమ్మకాయల పులుపు ఒక్కొక్క కాయకు ఒక్కొక్క విధముగా ఉండును గనుక నిమ్మ ఉప్పే నమ్మదగినది.

గట్టి పండ్లను మరిగే నీళ్లలో నిమిషము ముంచి, చన్నీళ్లలో వేసి, తోలు తీయండి. ముక్కలు కోసి, చిదిపి, అయిదు నిమిషములు ఉడికించండి. కడిగి వేడిగా ఉంచిన సీసాలలో నిమ్మ ఉప్పు వేసి, పైన అర అంగుళము వదలి, వేడివేడిగా నింపండి. అంచు తుడిచి మూత పెట్టండి. పాత జాము సీసాల మూతలు బిగిసినట్లే కనబడును గాని గాలిని ఆపవు. లోపల రబ్బరు పూతగల క్రొత్త మూతలే కావలెను. డేగిసా అడుగున గుడ్డ పరచి, మూతలపైన అంగుళము నీళ్లు నిలుచునట్లు పోసి, తెర్లుట మొదలైన తరువాత 35 నిమిషములు మరిగించండి. ఇది వెయ్యి అడుగుల లోపు ఊళ్లకు. మదనపల్లె రెండువేల అడుగులకు పైన ఉన్నది. అక్కడ నీళ్లు 98 డిగ్రీల లోపే మరుగును గనుక 40 నిమిషములు కావలెను.

మన చేతులు ఊరకుండవు. వెల్లుల్లి, ఉల్లి, పచ్చిమిరప, తిరగమోత అన్నియు అందులోనే వేయబుద్ధి పుట్టును. వేయవద్దు, అవి పులుపును తగ్గించును. వండుకొను దినమున వేసికొనండి. చిక్కుడు, బెండ, మాంసము ఈ విధముగా నిల్వచేయనే కూడదు. ఇంటి చిన్న కుక్కరు కూడ దానికి చాలదు.

మా సంఘములో స్త్రీల సమాజమువారు ఈ పని కలిసి చేయుచున్నారు: ఒక పొయ్యి, ఒక పెద్ద డేగిసా, పది ఇండ్ల సీసాలు. ఒకరు గడియారము చూచుటకే కూర్చుందురు.

మరునాడు మూత నడుమ లోపలికి గుంటపడి ఉన్నదా చూడండి. పొంగిన మూత, కారిన సీసా ఎంత విలువైనదైనను రుచి చూడక, పశువులకును పెట్టక, గొయ్యి తీసి పూడ్చండి. తిన్న తరువాత ఎవరికైనను చూపు రెండుగా కనబడినను, రెప్పలు వాలినను, మాట తడబడినను, మ్రింగుట కష్టమైనను, ప్రార్థించుచునే వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోండి, తెల్లవారువరకు ఆగవద్దు. మంచి సీసాలపై తేదీ వ్రాసి, వెలుగు తగలనిచోట ఉంచి, సంవత్సరము లోపల వాడుకొనండి. ఫ్రిజ్ లేని ఇండ్లవారు లీటరు సీసాల జోలికి పోవద్దు. మూత తీసిన సీసా ఆ పూటకే ఖర్చు కావలెను.