అమరావతి శిల్పంలో ఉన్నది ఏ వీణ?

అమరావతి స్తూప శిల్పాల ఛాయాచిత్రాల కింద "వీణ వాయిస్తున్న స్త్రీ" అన్న వ్యాఖ్య కనబడినప్పుడల్లా నాకొక ఇబ్బంది కలుగుతుంది. ఆ మాట చదవగానే తెలుగువాడి మనసులో మెదిలేది బొబ్బిలి వీణ: పనసకర్ర కుండ, పొడవాటి దండి, ఇరవై నాలుగు మెట్లు. శిల్పంలో ఉన్నది అది కాదు.

ఆ స్త్రీ ఒడిలో ఉన్నది పడవ వంటి బుర్ర. దాని కొస నుండి విల్లులా పైకి వంగిన కొమ్ము. రెంటి నడుమ తీగెలు. దండి లేదు, మెట్లు అసలే లేవు. క్రీ.శ. 4వ శతాబ్దంలో సముద్రగుప్తుడు ముద్రించిన బంగారు నాణెం మీద రాజు ఒడిలో ఉన్నదీ ఇదే జాతి వాద్యం. పూర్వులు దానినే వీణ అన్నారు. పేరు నిలిచింది, వస్తువు మారింది.

ఈ తేడా చాదస్తం కాదని నా అభిప్రాయం. మెట్ల వీణలో ఒకే తీగె మీద అనేక స్వరాలు పలుకుతాయి. తీగెను లాగి గమకం పలికిస్తాము. విల్లువీణలో ప్రధానంగా తీగెకొక స్వరం. భరతుడు నాట్యశాస్త్రంలో రెండు వీణలను సమంగా శ్రుతి చేసి, ఒకదాని తీగెలను క్రమంగా తగ్గిస్తూ శ్రుతులను నిరూపిస్తాడు. మెట్ల వీణను ఊహించుకుని చదివితే అది చిక్కుముడి. విల్లువీణను ఊహించుకుంటే చేతికి అందే సులభమైన ప్రయోగం. తప్పు బొమ్మ మనసులో ఉంటే గ్రంథమే తప్పుగా అర్థమవుతుంది.

అయితే శిల్పాన్ని గుడ్డిగా నమ్మమని నేననను. రాతిలో సన్నని తీగెలను విడివిడిగా చెక్కడం కష్టం. కనుక వాటిని లెక్కపెట్టి సిద్ధాంతాలు చేయరాదు. ఏడు తీగెల చిత్రవీణ, తొమ్మిది తీగెల విపంచి గురించి నాట్యశాస్త్రమే చెబుతుంది. వాద్యపు ఆకృతినీ, ఒడిలో దాన్ని నిలిపిన తీరునూ చెప్పడానికి మాత్రం శిల్పమే మంచి సాక్షి. ఆ సాక్ష్యాన్ని సరిచూసుకోవడానికి బర్మాలో నేటికీ వాయించే సౌంగ్ ఉంది. అక్కడ కుడిచేతి వేళ్ళు తీగెలను మీటుతాయి. ఎడమ బొటనవేలు అవసరమైనచోట తీగెను నొక్కి స్వరాన్ని హెచ్చిస్తుంది.

మన సంగీతం అనాది నుండి ఇలాగే ఉందని చెప్పుకోవడం మనకు ఇష్టం. ఆ ఇష్టం కోసం మన శిల్పి కళ్ళారా చూసి చెక్కినదాన్ని కాదనడం అతనికి చేసే గౌరవమేనా? ఆ వ్యాఖ్యలో "విల్లు" అన్న ఒక్క మాట చేర్చితే చాలు, చూసేవారు మళ్ళీ ఒకసారి శిల్పం వైపు చూస్తారు.