కలివికోడి కనఁబడని యాత్ర

గత జనవరిలో అటవీశాఖవారి యనుమతితో, విద్యార్థులను వెంటఁగొని, సిద్ధవటము చెంత లంకమల యడవి యంచునకుఁ బోయి, కలివికోడిని జూడకయే మరలితిమి. పక్షిని జూపని యాత్రకు బస్సు ఖర్చేల యని కొందఱు తలిదండ్రులు మమ్మడిగిరి. అడుగుట న్యాయమే. అయినను ఆ పక్షి పగలు పొదల నడఁగి రాత్రి తిరుగునది. 1900 తరువాత కనఁబడక, జాతియే నశించెనని పండితులు తలంచియుండఁగా, 1986 జనవరిలో రెడ్డిపల్లె ప్రాంతమున దొరకెను. పట్టి తెచ్చినవాఁడు పండితుఁడు గాఁడు; అచ్చటి వేటగాఁడు.

దీపములతో రాత్రి పోవుదమని బాలురు కోరిరి, మేము సమ్మతింపలేదు. మిగిలిన కొలఁది పక్షులను వెంటాడుట విద్య యగునా? శోధకులు సన్నని మట్టి పఱచి దాని యడుగుజాడలను వెదకుదురని చెప్పఁగా, వారును నేలపై వంగి చూచిరి. పొదలు నఱకి చదును చేసినచో దానికి నిలువ నీడ యుండదని యొక గొఱ్ఱెలకాపరి చెప్పిన మాట వ్రాసికొనిరి. వచ్చు శీతకాలమునను పగటివేళనే పోవుదుము.