రావడానికి లెక్కుంది, ఉండిపోవడానికేదీ?

సింగపూర్ 2023 సెప్టెంబరులో తెచ్చిన కంపాస్ విధానంలో విదేశీ నిపుణులకిచ్చే ఉద్యోగ అనుమతి, అంటే ఎంప్లాయ్‌మెంట్ పాస్ దక్కాలంటే 40 పాయింట్లు రావాలి. జీతం, చదువు, కంపెనీలో స్థానికుల వాటా, ఉద్యోగుల్లో ఏ దేశస్థులు ఎందరన్నదీ కొలతలే. ఒక పెద్ద కంపెనీ నిపుణుల్లో నాలుగో వంతు ఇప్పటికే భారతీయులైతే, అక్కడ చేరబోయే తెలుగు ఇంజినీరుకు ఈ చివరి కొలతలో సున్నా. ఎంత పనిమంతుడైనా అది మారదు. దీన్ని వివక్ష అనేవాళ్లున్నారు. నేను అనను. దాదాపు 60 లక్షల జనాభాలో పౌరులు 36 లక్షలే ఉన్న దేశం తన పిల్లలకు చోటేదని అడగడం సహజం. పైగా నియమం ముందే తెలుసు, ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

అసలు అన్యాయం ఆ తర్వాత మొదలవుతుంది. తొలి పాస్ సాధారణంగా రెండేళ్ల వరకే. ఉద్యోగం పోతే పాసూ పోతుంది. శాశ్వత నివాసానికి మాత్రం బహిరంగ పాయింట్ల పట్టిక లేదు, తిరస్కరిస్తే కారణం చెప్పరు. ఏళ్ల తరబడి పన్నులు కట్టి, పిల్లల్ని అక్కడే చదివించుకుంటున్నవాళ్లు ఇల్లు కొనాలో తట్టాబుట్టా సర్దుకోవాలో తేల్చుకోలేక నలిగిపోతారు. ప్రమాణాలు బయటపెడితే జనం పోటెత్తుతారన్న భయంలో పస లేదు. పట్టిక హామీ కాదు, గీత ఎంత ఎత్తునైనా గీయవచ్చు. పోటీదారు హాంకాంగ్‌లో ఏడేళ్లు నిరంతరాయంగా నివసించినవారు శాశ్వత నివాసహక్కు కోరవచ్చు. ఆ మాత్రం స్పష్టత సింగపూర్ ఇవ్వకపోతే, వేరేచోట అవకాశమున్న నిపుణులే ముందుగా వెళ్లిపోతారు.