ఒకే విద్యుత్తు, రెండు వెలలు

విద్యుచ్ఛక్తితో నడచు కారునకు ఇంట చార్జి చేసిన నొక వెల, వీథిలోని త్వరిత చార్జింగు కేంద్రమున వేరొక వెల. ఇంట యూనిటు 8 రూపాయలు, కేంద్రమున పన్నుతో 20 రూపాయలు అనుకొందము. 30 యూనిట్లకు ఇంట 240, వీథిని 600.

కేంద్రమునకు స్థలము, ట్రాన్సుఫార్మరు, యంత్రముల ఖర్చున్నది. కార్లు రాని వేళ ఆ యంత్రములు ఊరక నిలుచును. ఆ మేరకు హెచ్చు వెల న్యాయమే. పన్ను మాట వేరు. గృహవిద్యుత్తుపై జి.యస్.టి. లేదు. చార్జింగు విద్యుద్విక్రయము కాదు, సేవ యని 2018లో కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖ వివరించెను. కేంద్రములు స్థాపించువారికి లైసెన్సు చిక్కు తొలగుటకు ఆ వివరణము మేలే చేసినది. కాని సేవ యన్న పేరుననే 18 శాతము పన్ను పడుచున్నది! ఇట్టి నిర్వచనములు మావంటి న్యాయవాదులకు వినోదము. టాక్సీ నడుపుకొను వానికి కాదు.

సొంతయింట ప్లగ్గు గలవాడు రాత్రి తీరికగా చార్జి చేసికొనును. అద్దె వాటాలో నుండి కారును వీథిని నిలుపువానికి ఆ వసతి లేదు; పన్ను భారము వానిమీదనే పడును. జి.యస్.టి. మండలి ఈ పన్నును తొలగింపవలెను. అంతవఱకు అపార్టుమెంటు సంఘములవారైనను, అద్దెకున్నవాడు తన కారు నిలుపుచోట సొంత ఖర్చుతో మీటరు పెట్టించుకొందునన్నచో అడ్డుపడకుందురు గాక.