దోషము పుట్టిన చోటు

ఖాళీ జాబితాలో మొదటి అంశమేదని అడిగినచో ఏ భాషయు జవాబు చెప్పజాలదు. చెప్పలేనని ఒప్పుకొనుటయు తప్పు కాదు. కాని హాస్కెల్ భాషలో వ్రాసిన ప్రోగ్రాము నడుచుచుండగా ‘హెడ్’ అను ఫంక్షను అట్టి జాబితా నెదుర్కొని నిలిచిపోయినప్పుడు, జాబితా ఖాళీగా నున్నదని మాత్రము పలికి, దానిని తన చేతికిచ్చిన దెవరో, వేల పంక్తులలో ఏ పంక్తినుండి తనకు పిలుపు వచ్చినదో చెప్పక ఊరకుండుట మూడు దశాబ్దములకు పైగా సాగినది. ఆ భాషకు తొలి నిర్దేశపత్రము 1990లో వెలువడగా, దాని ప్రధాన కంపైలరగు జీహెచ్‌సీ ఆ సందేశమునకు పిలుపు వచ్చిన పంక్తి జాడను చేర్చినది 2022లో, 9.4 కూర్పునందు.

ఇంతటి ఆలస్యమునకు మూలము అతివిశ్వాసమని నా తలంపు. టైపులు సరిపడిన ప్రోగ్రాము పెడదారి పట్టదని 1978లో రాబిన్ మిల్నర్ నిరూపించిన నాటినుండి, కంపైలరు అంగీకరించినదెల్ల నిర్దుష్టమన్న భావము టైపులను నమ్ముకొన్న వర్గమున వేరూనినది. సంఖ్యను ఫంక్షనుగా పిలుచుట వంటి అపచారము జరుగదని ఆయన చూపెనే గాని, ఖాళీ జాబితా ఎన్నడును ఎదురుపడదని ఎచటను అనలేదు.

వేరొక చిక్కు భాషాస్వభావముననే యున్నది. హాస్కెల్ ఏ విలువనైనను అవసరము కలుగు వరకు గణింపదు. లోపమున్న విలువ ప్రోనోటు వలె చేతులు మారుచు పోయి, ఎవరో చెల్లింపునకు తెచ్చినప్పుడు గాని చెల్లదని తేలదు. ఆ క్షణమున స్టాకులో కనబడువాడు నోటును తెచ్చినవాడే, వ్రాసియిచ్చినవాని పేరు అందుండదు. ఇది యొక భాష గొడవయేయని కొట్టివేయరాదు: స్కాలాలో నిర్మితమై భారీ డేటాను మథించు స్పార్క్‌నందును, ఎప్పుడో పైన వ్రాసిన పరివర్తనమునందలి దోషము ఫలితమును కోరిన కడపటి పంక్తియొద్దనే బయటపడును.

2016లో జీహెచ్‌సీ 8.0 కూర్పు తెచ్చిన ‘హ్యాజ్‌కాల్‌స్టాక్’ పిలుపుల వరుసను జ్ఞప్తియందుంచుకొనును. ఐనను ప్రతి ఫంక్షను టైపు ప్రకటనలోను ప్రోగ్రామరే దానిని చేర్పవలెను, నడుమ ఒక్కచోట మరచినచో గొలుసు అచ్చటనే తెగును.

మిక్కిలి వింతగా తోచునది, ఇతర భాషలకు సులభముగా దొరకని సదుపాయము చేతిలో నుండియు వాడుకొనకపోవుట. శుద్ధమైన ఫంక్షను బాహ్యస్థితిని మార్చదు గావున, ఇచ్చినవి యివి, వచ్చినది యిది అని ఒక్కొక్క పిలుపును విడదీసి విచారింపవచ్చును. యేల్ విశ్వవిద్యాలయమున ఎహూద్ షపీరో 1982లో ప్రోలాగ్ కొరకు ప్రతిపాదించిన పద్ధతికి ఆధారమిదియే: ఫలితము తప్పై, దానికి తోడ్పడిన ఉపఫలితములన్నియు ఒప్పైనచో, దోషము ఆ ఫలితమును గణించిన భాగమునందే కలదు. యార్క్‌లో ‘హ్యాట్’, మెల్బోర్న్‌లో ‘బుద్ధ’ అను పరికరములు ఈ భావమును హాస్కెల్‌కు తెచ్చినను నిత్యవ్యవహారమున స్థిరపడలేదు. జరిగిన గణనమంతయు దాచుటకు మెమరీ విశేషముగా కావలెననుటయు, వేల అంశముల విలువను ముందుంచి ఇది సరియేనాయని అడిగినచో మనుష్యుడు చెప్పజాలడనుటయు నిజమే. అందుచే పలువురు నేటికిని ‘ట్రేస్’ను అక్కడక్కడ చొప్పించి అచ్చొత్తించి చూచుకొందురు, శుద్ధతను వ్రతముగా పట్టినవారు ఆపత్కాలమున శరణుజొచ్చునది లోలోపల అశుద్ధమైన ఫంక్షనునే! అదియు, గణనము అవసరమును బట్టి సాగును గావున, వ్రాసిన వరుసలో అచ్చొత్తదు.

2023 నాటి జీహెచ్‌సీ 9.8 కూర్పు ‘హెడ్’ను వాడినంతనే హెచ్చరించుచున్నది. కొందరికిది చాలును, నాకు చాలదు. ఏలయన ‘హెడ్’ను మానినవాడు తన సొంత ఫంక్షనులలో అట్టి ఖాళీలను వదలుచునే యుండును. పిలుపుల గొలుసును కంపైలరు అడుగకయే మోయునట్లు భాషానిర్దేశములోనే విధించి, వేగము కొరకు దానిని వలదనువారు ఆ మాట వ్రాసి తీసివేయించుకొను ఏర్పాటు చేయవలెను.