ఫిన్లాండు ఖాతాలో 57 తక్కువ

2023 మే 13న లివర్‌పూల్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీ ఫలితం మీద నాకింకా కోపం చల్లారలేదు. దేశానికొక పాట చొప్పున పంపి యూరప్ వాళ్లు పోటీపడే ఈ వేడుక 1956లో మొదలైంది. ఫైనల్ మనకు అర్ధరాత్రి దాటాక, పన్నెండున్నరకు మొదలవుతుంది. "ఎవరి పెళ్లికో మీకు జాగారమేమిటండీ?" అంటుంది మా ఆవిడ. అననివ్వండి.

బ్యాంకువాణ్ని గనక లెక్క ముందు చెబుతాను. స్వీడన్ గాయని లోరీన్‌కు న్యాయనిర్ణేతలు 340 మార్కులిచ్చారు, ప్రేక్షకులు 243. మొత్తం 583. ఫిన్లాండు కుర్రాడు క్యారియాకు ప్రేక్షకులు 376 కుమ్మరించారు, న్యాయనిర్ణేతలు మాత్రం 150తో సరిపెట్టారు. మొత్తం 526. జనం ఇచ్చిన 133 ఆధిక్యాన్ని పండితుల 190 మింగేసి, ఇంకో 57 బాకీ చూపించింది! పండితుల మార్కులు చదువుతున్నంతసేపూ హాల్లో జనం "చాచాచా" అని కేకలే కేకలు. అది క్యారియా పాట పేరు.

లోరీన్ గొప్పగా పాడింది, కాదనను. 2012లో ఒకసారి గెలిచిన మనిషి. రెండుసార్లు గెలిచిన మొదటి మహిళ కూడా ఆవిడే. అయితే ఆవిడ పాడింది ఇంగ్లీషులో. క్యారియా పాడింది సొంత భాషలో. 1977 నుంచి 1998 దాకా ఎవరి దేశభాషలో వాళ్లే పాడాలన్న నిబంధన ఉండేది. 1999లో దాన్ని ఎత్తేశాక ఇంగ్లీషు పాటలే ముంచెత్తాయి. ఫిన్లాండు 1961 నుంచి పోటీకి వస్తున్నా, ఒక్కసారి, 2006లో గెలిచింది. అదీ ఇంగ్లీషు పాటతోనే. ఈసారి చిలకపచ్చ చేతుల జాకెట్టు తొడుక్కున్న కుర్రాడు ఫిన్నిష్‌లో అరిచి పాడితే, ఆ భాష ముక్క రాని దేశాల వాళ్లు కూడా ఓట్లేశారు. ఫిన్నిష్ మాటలు చాలావరకు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి, ద్విత్వాలూ ఎక్కువే. నా చెవికి అందుకే ఇంపయిందేమో!

పండితులను తీసేయమని నేననను. సొంత దేశానికి ఓటేయకూడదన్న నియమం ఉన్నా, పరాయి దేశంలో స్థిరపడ్డవాళ్లు అక్కణ్నుంచి పుట్టింటికి వేసుకోవచ్చు. మనమైతే వేయమూ? అందుకని తూకానికి వాళ్లూ ఉండాలి. కానీ సగం బరువు వాళ్లకెందుకు? పైగా వాళ్లు మార్కులు వేసేది ముందురోజు రాత్రి రిహార్సల్ చూసి! 2024లో మాల్మోలోనూ ఇదే తంతు. ప్రేక్షకుల మొదటి ఎంపిక క్రొయేషియాకు 547, పండితులు నెత్తిన పెట్టుకున్న స్విట్జర్లాండుకు 591.

2023 నుంచి పోటీలో లేని దేశాల వాళ్లూ డబ్బు కట్టి ఇంటర్నెట్‌లో ఓటేయవచ్చు. అందరి ఓట్లూ కలిపి ఒక్క దేశం కింద జమ. మా బరంపురం నుంచి నా ఓటు ఆ రాత్రే ఫిన్లాండుకు వెళ్లింది.

మా అమ్మాయికి ఆ పాట మొత్తం కంఠతా వచ్చేసింది. నోటుపుస్తకం చూస్తే ఫిన్నిష్ మాటలన్నీ ఒడియా లిపిలో ఉన్నాయి. వెనక పేజీలో మన సంఘం ఉగాదికి పాడాల్సిన తెలుగు పాట. అదీ ఒడియా లిపిలోనే.